టేబుల్ మీద కదిలే శిల్పం కొంటున్నారా? ముందు దాని బేస్‌లో ఏముందో చూడండి

టిక్ టిక్ మంటూ కొట్టుకునే ఐదు స్టీల్ బాల్స్, ఎవరూ ముట్టుకోకుండానే ఊగే రెండు కడ్డీలు, ఇసుక మీద దానంతట అదే ముగ్గులేసే గోళీ... వీటిని ఆన్‌లైన్‌లో 'కైనెటిక్ స్కల్ప్చర్' పేరుతో అమ్ముతున్నారు. అంటే కదిలే శిల్పాలు. పది సెకన్ల వీడియో చూస్తే ఎవరికైనా కొనేయాలనిపిస్తుంది. కానీ ఆ వీడియోలో కనపడనివి రెండున్నాయి: అది దేనివల్ల కదులుతోంది, ఎంతసేపటికి ఆగిపోతుంది. చీరాల, బాపట్ల, రేపల్లె లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉండేవాళ్లు ఇంకొకటి కూడా చూసుకోవాలి: తుప్పు. ఇవి తెలిస్తే ఏది మీకు పనికొస్తుందో ఈజీగా తేల్చుకోవచ్చు.

కదిలే శిల్పాలు ఎన్ని రకాలు?

1. బ్యాలెన్స్ మీద కదిలేవి: వీటికి బ్యాటరీ అక్కర్లేదు. తంజావూరు తలాడించే బొమ్మ మనందరికీ తెలిసిందే. ఒకదాని మీద ఒకటి ముక్కలు నిలబెట్టి, చిన్న తోపుకే ఊగేలా చేస్తారు. పడిపోకుండా లేచి నిలబడే బొమ్మల్లో అయితే బరువంతా గుండ్రటి అడుగు భాగంలోనే ఉంటుంది. సీలింగ్‌కి వేలాడే 'మొబైల్స్' కూడా ఈ రకమే. అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ 1930ల్లో వీటిని ఫేమస్ చేశాడు. 1955లో సారాభాయ్ కుటుంబం పిలిస్తే అహ్మదాబాద్ వచ్చి ఇక్కడ కూడా కొన్ని తయారు చేశాడు.

2. మనం తోస్తే కదిలేవి: ఐదు బాల్స్ ఉండే న్యూటన్స్ క్రాడిల్ లాంటివి. ప్రతి దెబ్బకీ కొంత శక్తి శబ్దంగా, వేడిగా పోతుంది కాబట్టి కాసేపటికి ఆగిపోవాల్సిందే. అది డిఫెక్ట్ కాదు. కొనేటప్పుడు బాల్స్ అన్నీ ఒకే లైన్‌లో, ఒకే ఎత్తులో ఉన్నాయా అని చూడండి. ఒక్కటి పక్కకి జరిగినా రెండు మూడు దెబ్బలకే అన్నీ కలిసి వంకరగా ఊగుతాయి.

3. కరెంట్‌తో కదిలేవి: బేస్‌లో మోటార్ లేదా ఎలక్ట్రోమాగ్నెట్ ఉంటుంది. ఇసుక టేబుల్‌లో జరిగేది ఇదే. ఇసుక కింద ఒక అయస్కాంతం మోటార్లతో తిరుగుతుంటే, పైన స్టీల్ గోళీ దాని వెంటే వెళ్తుంది.

'ఎప్పటికీ ఆగదు' అంటే నమ్మొచ్చా?

నమ్మొద్దు. 'ఐరన్ మ్యాన్ 2' సినిమాలో ఆఫీస్ టేబుల్ మీద ఊగే కడ్డీలు చూసే ఉంటారు. వాటి బేస్‌లో బ్యాటరీలు ఉంటాయి. కడ్డీ కిందికి వచ్చిన ప్రతిసారీ ఎలక్ట్రోమాగ్నెట్ దాన్ని కొంచెం నెడుతుంది. గోళీ కన్నంలో పడి, పట్టా మీదుగా ఎగిరి మళ్లీ పైకొచ్చే మెషీన్‌లోనూ ఇదే ట్రిక్. బయటి నుంచి శక్తి అందకుండా ఎప్పటికీ తిరిగే మెషీన్ ఉండదు. ఇలాంటివి కొనకూడదని కాదు. బ్యాటరీ సైజ్ ఏంటి, మన షాపుల్లో దొరుకుతుందా, యూఎస్‌బీతో నడుస్తుందా అని కనుక్కుని కొనండి. కరెంట్ బిల్లు గురించి భయం అక్కర్లేదు. 2 వాట్ల మోటార్ రోజంతా తిరిగినా నెలకి ఒకటిన్నర యూనిట్ లోపే.

ఉప్పు గాలి సంగతి

వాడరేవు, సూర్యలంక వైపు ఉండేవాళ్ల కిటికీ ఊచలు, గేటు గడియలు ఎంత త్వరగా తుప్పు పడతాయో చెప్పక్కర్లేదు. కదిలే శిల్పానికి ఇంకా ఇబ్బంది. మామూలు బొమ్మకి తుప్పు పడితే రంగు మారుతుంది. దీనికి బేరింగ్‌లో తుప్పు పడితే కదలడమే మానేస్తుంది.

- స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నీ ఒకటి కాదు. 304 కంటే 316 గ్రేడ్ ఉప్పు గాలిని బాగా తట్టుకుంటుంది, అందులో మాలిబ్డినమ్ ఉంటుంది కాబట్టి. బాల్కనీలో, డాబా మీద పెట్టేదైతే 316 అడగండి.
- క్రోమ్ పూత వేసిన మామూలు ఇనుము పైకి స్టీల్ లాగే మెరుస్తుంది. పూత లేచిన చోట తుప్పు మొదలవుతుంది.
- ఇంటి లోపలికి ఇత్తడి, చెక్క, యాక్రిలిక్ సేఫ్. ఇత్తడి నల్లబడుతుంది, తుడిస్తే పోతుంది.

ఎక్కడ పెట్టాలి?

వేలాడే మొబైల్‌ని ఫ్యాన్ కింద కట్టొద్దు. ఐదో నంబర్ మీద ఫ్యాన్ తిరిగితే దారాలన్నీ చిక్కుపడతాయి. గది మూలకి, తలకి తగలనంత ఎత్తులో కడితే ఆ కాస్త గాలికే నెమ్మదిగా తిరుగుతుంది. క్రాడిల్ లాంటివి పెట్టే టేబుల్ కదలకూడదు. గోడ సాదా రంగులో ఉంటే కదలిక బాగా కనిపిస్తుంది. పక్కనుంచి లైట్ వేస్తే నీడ కూడా కదులుతుంది. ఆఫీసులో అయితే శబ్దం చేసేది వద్దు, మీకు ముచ్చటగా ఉన్నా పక్క సీటు వాళ్లకి తలనొప్పి.

సేఫ్టీ

ఇది లైట్ తీసుకోవద్దు. చిన్న నియోడిమియం అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకి కన్నం పెట్టగలవు. చిన్నపిల్లలున్న ఇంట్లో విడిగా ఊడివచ్చే అయస్కాంతాలున్న మోడల్ వద్దు. పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లు కూడా వీటికి దూరంగా ఉండాలి.

మన దగ్గరే చేయించుకోవచ్చా?

పెద్ద సైజ్ కావాలంటే ఆలోచించొచ్చు. తెనాలిలో విగ్రహాల తయారీకి పేరుంది. అక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర నట్లు, బోల్టుల లాంటి ఇనుప తుక్కుతో 2021లో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు. అది కదిలే శిల్పం కాదు. కానీ తుక్కుతో అంత పని చేసే చేతులు మన పక్క ఊళ్లోనే ఉన్నాయి. గాలికి తిరిగేది కావాలంటే డ్రాయింగ్‌తో పాటు బేరింగ్ ఏది, అరిగితే మార్చుకునేలా ఉంటుందా అనేది ముందే మాట్లాడుకోండి.

చిన్న మొబైల్ అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏటికొప్పాక లక్క బొమ్మలు, సన్నటి పుల్ల, నైలాన్ దారం చాలు. లెక్క తక్కెడదే: 60 గ్రాముల బొమ్మ దారానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 30 గ్రాముల బొమ్మని 20 సెంటీమీటర్ల దూరంలో కట్టాలి. అన్నిటికన్నా కింది పుల్లతో మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ రండి.

మరి ఏది తీసుకోవాలి?

- పిల్లలున్న ఇంటికి: తంజావూరు బొమ్మ లేదా ఎత్తులో కట్టిన మొబైల్.
- ఆఫీస్ టేబుల్‌కి: శబ్దం లేని, యూఎస్‌బీ లేదా మామూలు బ్యాటరీతో నడిచేది.
- బాల్కనీకి: 316 స్టీల్, బేరింగ్ మార్చుకునే వీలున్నది.

బేస్‌లో ఏముందో, పాడైతే ఏ పార్ట్ మార్చాలో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే, వీడియో ఎంత బాగున్నా కార్ట్‌లోంచి తీసేయండి.