గెలిచారు సరే... ఎవరి మీద?

31 మ్యాచ్‌లు ఆడి 23 గెలిచారు. గట్టి పోటీ ఉండే ఏసీసీ లీగులో 16కి 10 నెగ్గారు. అయినా 2010 మార్చిలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నీకి 65 జట్ల పేర్లు ప్రకటిస్తే అందులో వర్జీనియా టెక్ లేదు! ప్రధాన కారణం... సీజన్ మొదట్లో లీగు బయట ఆడిన మ్యాచ్‌లు. ప్రత్యర్థుల బలాన్ని బట్టి చూస్తే ఆ మ్యాచ్‌లు దేశంలో దాదాపు అట్టడుగు స్థాయివి. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు... చిన్న జట్ల మీద సాధించిన గెలుపు ఎంపిక సంఘం కళ్లకి ఆనలేదు.

పిలుపు ఎలా వస్తుందంటే...

అక్కడ డివిజన్-1లో 350కి పైగా కాలేజీ జట్లున్నాయి. 2025 టోర్నీలో 68 జట్లు ఆడాయి. వాటిలో 31 తమ లీగుల్లో విజేతలుగా నేరుగా వచ్చాయి. మిగతా 37 స్థానాలు ఎంపిక సంఘం చేతిలోనివి. ఎన్ని గెలిచారన్నదొక్కటే ఆ సంఘం చూడదు. ఎవరి మీద, ఎక్కడ గెలిచారన్నదీ చూస్తుంది. సొంత మైదానంలోకన్నా ప్రత్యర్థి ఊరికెళ్లి గెలిస్తే విలువెక్కువ.

మూడూళ్ల లెక్క

ఈ లెక్క మన ఊళ్ల పేర్లతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి మూడు కాలేజీ జట్లు పది మ్యాచ్‌ల చొప్పున ఆడాయనుకుందాం. జగిత్యాల 9 గెలిచింది. సిరిసిల్ల 7, కోరుట్ల 6. పైకి చూస్తే జగిత్యాలే మేటి. కానీ దాని ప్రత్యర్థులు తమ మ్యాచ్‌ల్లో సగటున 30 శాతమే గెలిచిన జట్లు. సిరిసిల్ల ప్రత్యర్థులు 50 శాతం, కోరుట్ల ప్రత్యర్థులు 65 శాతం గెలిచినవాళ్లు.

అమెరికాలో చాలాకాలం వాడిన ఆర్పీఐ పద్ధతిలో సొంత విజయాల శాతానికి పాతిక వంతు, ప్రత్యర్థుల విజయాలకి సగం వంతు, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులకి మరో పాతిక వంతు విలువ. ఈ చివరిది ముగ్గురికీ 50 శాతమే అనుకుంటే... కోరుట్లకి 0.600, సిరిసిల్లకి 0.550, జగిత్యాలకి 0.500. తొమ్మిది గెలిచిన జట్టు ఆఖరికి పోయింది!

2018-19 సీజన్ నుంచి ఆర్పీఐ స్థానంలో 'నెట్' అనే కొత్త పద్ధతి వచ్చింది. లెక్క మారినా, ప్రత్యర్థి బలాన్ని చూడటం మాత్రం మారలేదు.

తెలిసీ ఎందుకు?

పెద్ద కాలేజీలు డబ్బిచ్చి మరీ చిన్న జట్లని తమ ఊరికి రప్పించుకుంటాయి. సొంత మైదానంలో మ్యాచ్ అంటే టికెట్ల రాబడి, అభిమానులకి గెలుపు ఆనందం, కొత్త కుర్రాళ్లకి ఆడే అవకాశం. కోచ్ ఉద్యోగానికీ భరోసా. చిన్న కాలేజీకి ఆ డబ్బుతో క్రీడల ఖర్చు గడుస్తుంది.

ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. జనవరి నుంచి ఎక్కువగా సొంత లీగులోనే ఆడాలి. అక్కడ ఒకరి గెలుపు మరొకరి ఓటమి. మొత్తం లీగు విలువ పెరగాలంటే బయటి జట్లని ఓడించాల్సింది నవంబరు, డిసెంబరుల్లోనే. అప్పుడు సులువు దారి ఎంచుకుంటే ఫిబ్రవరిలో దిద్దుకోవడం కష్టం. అలాగని అన్నీ కొండల్లాంటి జట్లతోనే పెట్టుకుని వరసగా ఓడినా నష్టమే. గట్టివీ, గెలవగలిగినవీ కలిపి ఎంచుకోవడంలోనే ఉంది నేర్పు.

హైదరాబాద్ చూసిన తేడా

తేలిక ప్రత్యర్థుల సంగతి మన క్రికెట్‌కీ అనుభవమే. 1937-38, 1986-87ల్లో రంజీ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ 2023-24లో కింది అంచె అయిన ప్లేట్ విభాగంలో ఆడాల్సి వచ్చింది. అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లోనే ట్రిపుల్ సెంచరీ దాటి 366 పరుగులు చేశాడు. ఫైనల్లో మేఘాలయని ఓడించి జట్టు ప్లేట్ విజేతగా నిలిచింది. కానీ ఎంత ఆడినా ఆ ఏడాది రంజీ ట్రోఫీకి పోటీపడే వీల్లేదు. దక్కింది పై అంచెకి తిరిగెళ్లే అవకాశమే. 2024-25లో ఎలైట్ విభాగానికి వచ్చాక క్వార్టర్ ఫైనల్స్ చేరలేకపోయింది.

మన కుర్రాళ్లకి...

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిగ్రీ కాలేజీలు శాతవాహన విశ్వవిద్యాలయం పరిధిలోవి. మన కాలేజీ పోటీల్లో తరచూ కనిపించేది నాకౌట్ పద్ధతి. ఇక్కడ ఏ సంఘమూ కూర్చుని ప్రత్యర్థి బలాన్ని లెక్కగట్టదు... ఒక్క ఓటమితో ఏడాది శ్రమ ముగిసిపోతుంది. అందుకే గట్టి జట్టుతో మొదటిసారి తలపడేది టోర్నీలోనే కాకూడదు. ముప్ఫై, నలభై కిలోమీటర్లు బస్సెక్కి పక్క ఊరి మేటి జట్టుతో ముందే నాలుగు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడొచ్చు. ఓడినా పట్టికలోకి ఎక్కదు. ఎక్కడ వెనకబడ్డారో మాత్రం తెలుస్తుంది.

ఇంటికొచ్చిన పిల్లాణ్ని 'గెలిచావా?' అని అడగటం మామూలే. 'ఎవరితో ఆడావు?' అని కూడా అడిగి చూడండి!