నల్లిబొక్క అలక, జక్కయ్య లెక్క

కోరుట్లలో సండే స్కూల్ పిల్లలకు తప్పిపోయిన కుమారుడి కథ చెప్పేటప్పుడు నేను ‘బలగం’ సినిమాను కూడా ముందు పెట్టుకుంటాను. లూకా సువార్త 15వ అధ్యాయంలో తండ్రి పరుగెత్తిపోయి చిన్నకొడుకును కావలించుకుంటాడు. పెద్దకొడుకు మాత్రం ఇంట్లోకి రాకుండా బయటే నిలబడతాడు. ఆ పెద్దకొడుకు మాకు బాగా తెలిసినవాడు. మర్యాద తక్కువైందని ప్రతి పెళ్ళిలోనూ ఒకడు అలిగే ఉంటాడు.

సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి 2023 మార్చిలో తెచ్చిన ‘బలగం’లో అలాంటివాడు అల్లుడు నారాయణ. దావతులో నల్లిబొక్క దగ్గర మాట పడ్డానని లేచిపోయి, ఇరవై ఏళ్ళు భార్య లక్ష్మిని పుట్టింటి గడప తొక్కనివ్వడు. మామ కొమురయ్య చనిపోయాకే మళ్ళీ ఆ ఇంటికొస్తారు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. మూడోనాడు ముట్టదు, ఐదోనాడూ ముట్టదు.

“సార్, పిట్టకు పెట్టుడు మన ఆచారం కాదు గదా, చర్చిల ఈ ముచ్చటెందుకు?” అని మా సంఘపెద్ద ఒకాయన అడిగిండు.

“ఆచారం మనది కాదు తాతా, అలుగుడు మనదే గదా” అన్నాను.

పదకొండోనాడు బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మలు కథ పాడుతుంటే పంతం పట్టినవాళ్ళంతా కరిగిపోతారు. తప్పెవరిదో పంచాయితీలో తేలనే లేదు, అయినా ఏడుపొచ్చేసింది. క్రైస్తవులు కృప అనేది దాన్నే: అర్హత అడగకుండా దొరికేది. వేణు ఆ ఉద్దేశంతో తీశాడని నేననను. ఊళ్ళల్లో తెర కట్టి వేస్తే వాడలకు వాడలు కూర్చుని ఏడ్చిన సినిమా అది.

తెర కట్టుడు మాకు కొత్త కాదు. 1978 డిసెంబర్‌లో విజయచందర్ ‘కరుణామయుడు’ వచ్చింది. తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని ప్రొజెక్టర్లతో పల్లెపల్లెకూ తిప్పారు. సిలువ మీది యేసు తనను కొట్టినవాళ్ళనే క్షమించడం జనం చూశారు. అయితే అదే ఏడాది సెప్టెంబర్ 7న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. రైతుకూలీలు వేలమంది దొరల వెట్టికి ఎదురు తిరిగారు. కొద్దికాలానికే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వెట్టి చేసినవాళ్ళలో మా సంఘాల తాతలూ అవ్వలూ ఉన్నారు. ‘క్షమించు’ అని వాళ్ళకు చెప్పేముందు కూలి లెక్క కట్టాలి. బీదవాణ్ణి చెప్పులజోడుకు అమ్ముకునేవాళ్ళ మీద ఆమోసు ప్రవక్త మండిపడ్డది ఇందుకే.

ఈ న్యాయం మాట ‘బలగం’లో తక్కువ. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’లో అదే మొత్తం. దొరసాని వెంట గడీకి వచ్చిన కమలాక్షిని దొర వాడుకుంటాడు. కడుపైతే తీయించుకోమని దొరసానే ఒత్తిడి పెడుతుంది. కమలాక్షిగా వేసిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ గడీలో ఎవరూ ఎవరినీ క్షమాపణ అడగరు. అడిగినా ఏం తీరుతుంది?

రెండింటి మధ్య నాకు జక్కయ్య గుర్తొస్తాడు. సుంకరుల పెద్ద, జనాన్ని పిండుకున్నవాడు. యేసు వాడింటికి పిలవకుండానే భోజనానికి పోతాడు, అది కృప. అప్పుడు జక్కయ్య లేచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానంటాడు, సగం ఆస్తి బీదలకు పంచుతానంటాడు. ఆ నాలుగింతలు లేకుంటే ఆ భోజనం ఉత్త దావతే.

‘బలగం’ మీద నాకున్న పేచీ ఇంకొకటుంది. అందులో కలిసేవాళ్ళంతా ఒకే ఇంటివాళ్ళు. మంచి సమరయుడు ఆగింది తన కులపోడి కోసం కాదు. మా దగ్గర అన్నదమ్ములను కలుపుడు కష్టమే గానీ, వాడ దాటి కలుపుడు ఇంకా కష్టం.

అందుకే సంఘాల్లో యూత్ మీటింగులు పెట్టేవాళ్ళకు నా విన్నపం ఒకటి. పెద్దపిల్లలకు ముందు ‘దాసి’ వేయండి, మరుసటి వారం ‘బలగం’ వేయండి. అయిపోయాక ఏ పాట బాగుందని అడక్కండి. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో అడగండి.