మెయిల్ తెరిస్తే చాలు... హెచ్చరికలేనా?

కలికిరి చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఎవరో ఒకరు కువైట్‌లోనో, బెంగుళూరులోనో ఉంటారు. వీసా కాగితాలు, పిల్లల ఫీజు రసీదులు, బ్యాంకు లెక్కలు అన్నీ ఇప్పుడు ఈమెయిల్‌లోనే కదా! అలాంటిది తెరిచిన ప్రతిసారీ ‘ఈ సర్టిఫికెట్‌ను నమ్మలేం, కొనసాగాలా?’ అని అడ్డం పడుతుంటే చిరాకు రాదూ? పొయ్యి మీద సంగటి అడుగంటుతుందన్న తొందరలో ‘సరే’ నొక్కేస్తాం. రేపు నిజంగా ప్రమాదం వచ్చినా వేలు అలవాటుగా అక్కడికే పోతుంది. అసలు చిక్కు అదే సుమండీ!

కుక్కర్ పక్కల నుంచి ఆవిరి పోతుంటే రబ్బరు మారుస్తామే గానీ, మూత మీద రాయి పెట్టం కదా. ఇదీ అంతే. ముందుగా ఫోన్లోనో, కంప్యూటర్లోనో తేదీ చూడండి. నవ్వకండి! మెయిల్ సంస్థ కంప్యూటరు మన యంత్రానికి తన గుర్తింపుగా ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని దానికి గడువుంటుంది. మన దాంట్లో తేదీ 2010 అని ఉంటే, ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదనుకుని గోల పెడుతుంది. కంప్యూటరు ఆపినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోందంటే, లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అది మార్పిస్తే సరి.

తేదీ సరిగానే ఉందా? అయితే యంత్రం పాతబడిందేమో. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న ఒక పాత సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరిపోయింది. దాంతో అప్‌డేట్ కాని పాత యంత్రాలు కొన్ని, మంచి సైట్లను కూడా అనుమానించాయి! అప్‌డేట్ చేయించడమే దీనికి మందు. కాలేజీ మెయిలో, ఆఫీసు మెయిలో అయితే సర్వర్ పేరు సరిగ్గా ఉందో లేదో అక్కడివాళ్లనే అడగండి.

బస్టాండులోనో, లాడ్జిలోనో ఉచిత వైఫై పెట్టుకున్నప్పుడే హెచ్చరిక వస్తోందా? అక్కడ మాత్రం ‘సరే’ అనొద్దు. వైఫై తీసేసి మీ సొంత డేటాతో చూసుకోండి.

అన్నట్టు, దొంగ హెచ్చరికలూ ఉన్నాయి. ‘మీ మెయిల్ రేపటితో ఆగిపోతుంది, ఈ లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని ఉత్తరం లోపలే రాసి ఉంటే నమ్మకండి. జీమెయిల్ తన అనుమానాన్ని ఉత్తరానికి పైన, వేరే పట్టీలో చూపిస్తుంది. తెలిసినవాళ్ల పేరుతో వచ్చిందని ధీమా పడొద్దు. 2000 మే నెలలో ప్రపంచాన్ని ముంచిన ‘ఐ లవ్ యూ’ వైరస్ వచ్చింది తెలిసినవాళ్ల మెయిల్ నుంచే! ఔట్‌లుక్‌లో హెచ్చరికలు పెరిగింది కూడా ఆ దెబ్బతోనే.

ఒకవేళ డబ్బు పోతే, పక్కింటావిడకు చెప్పుకోవడం తర్వాత. ముందు 1930కి ఫోన్ చేయండి.