ర్యామ్ తక్కువైనా.. రన్‌టైమ్ మీ చేతుల్లోనే!

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. సెలవులకి అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఊరెళితే కొండ మలుపు తిరగ్గానే సిగ్నల్ మాయం. ఫైనలియర్ ప్రాజెక్టు రన్ చేయగానే ఫ్యాన్ మోత, ఆ వెంటనే తెరమీద ‘ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్’. ‘ఈ మెషీన్‌తో మనవల్ల కాదులే’ అని మూత పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ప్రోగ్రామ్ ఎంత మెమరీ వాడుకోవచ్చో మీరు చెప్పారా? మీరు చెప్పకపోతే రన్‌టైమ్ తనకు తానే ఒక లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కను మార్చే మీటలే కమాండ్ లైన్ ఆప్షన్లు. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో జావా బాగా వచ్చన్న అభ్యర్థిని కాసేపు తడబడేలా చేసే ప్రశ్నలూ ఇక్కడి నుంచే వస్తాయి.

కోడ్ అదే.. నడిపే తీరు వేరు

జావాలో మనం రాసింది నేరుగా ప్రాసెసర్ మీద నడవదు. మధ్యలో జావా వర్చువల్ మెషీన్, అంటే జేవీఎం ఉంటుంది. మెమరీ కేటాయించడం, వాడేసిన ఆబ్జెక్టుల్ని ఊడ్చేయడం (దీన్నే గార్బేజ్ కలెక్షన్ అంటారు), థ్రెడ్లను చూసుకోవడం అన్నీ దాని పనే. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండిని చూడండి. అరకు ఘాట్‌లో దిగేటప్పుడు నడిపే తీరు వేరు, మైదానంలోకి వచ్చాక వేరు. సరుకు మాత్రం అదే. జేవీఎం ఆప్షన్లూ అంతే. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా, మెషీన్‌ను బట్టి నడకను మారుస్తాయి.

ముందుగా మీ మెషీన్‌లో జేవీఎం ఏం నిర్ణయించుకుందో చూడండి. టెర్మినల్ తెరిచి ‘జావా -ఎక్స్‌షోసెట్టింగ్స్:వీఎం -వెర్షన్’ అని ఇవ్వండి. (ఇక్కడి కమాండ్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్కో ఆప్షన్ మధ్యలో ఖాళీలు వదలకుండా టైప్ చేయాలి. మొదటి ‘ఎక్స్’ క్యాపిటల్.) గరిష్ఠ హీప్ సైజ్ ఎంతో కనిపిస్తుంది. ఏమీ చెప్పకపోతే హాట్‌స్పాట్ జేవీఎం సాధారణంగా మెషీన్ ర్యామ్‌లో నాలుగో వంతును గరిష్ఠ హీప్‌గా తీసుకుంటుంది. 4 జీబీ మెషీన్‌లో అది దాదాపు 1 జీబీ.

మరో మంచి విషయం, ఇదంతా నెట్ లేకుండానే చేయొచ్చు. ‘జావా -ఎక్స్’ అంటే అదనపు ఆప్షన్ల జాబితా వస్తుంది. ‘జావా -ఎక్స్ఎక్స్:+ప్రింట్‌ఫ్లాగ్స్‌ఫైనల్ -వెర్షన్’ అంటే వందలకొద్దీ సెట్టింగులు, వాటి ప్రస్తుత విలువలతో సహా వచ్చేస్తాయి. సిగ్నల్ లేని సాయంత్రం చదువుకోవడానికి ఇంతకన్నా మంచి పుస్తకం ఉండదు!

సంత మైదానం లెక్క

హీప్‌ను వారపు సంత జరిగే మైదానం అనుకోండి. పసుపు, మిరియాలు, చింతపండు, చీపుర్లు తెచ్చినవాళ్లంతా తలా కొంత చోటు తీసుకుంటారు. అమ్మకం అయిపోయినవాళ్ల చోటు ఖాళీ చేస్తేనే కొత్తవాళ్లకు జాగా. మైదానం చిన్నదైతే మాటిమాటికీ ఊడవాలి. పెద్దదైతే అరుదుగా ఊడ్చినా సరిపోతుంది. అసలెవరూ చోటు వదలకపోతే మాత్రం ఎంత పెద్ద మైదానమైనా ఏదో ఒకరోజు నిండుతుంది. మెమరీ లీక్ అంటే అదే.

ఇక మీటల్లో ముందుగా నేర్చుకోవాల్సినవి ఇవీ:

• -ఎక్స్ఎంఎక్స్: హీప్‌కు గరిష్ఠ హద్దు. ‘-ఎక్స్ఎంఎక్స్256ఎం’ అంటే 256 ఎంబీ దాటొద్దని. అంకె పక్కన ‘ఎం’ మర్చిపోతే అది 256 బైట్లని అర్థం చేసుకుంటుంది, ప్రోగ్రామ్ మొదలుకాకుండానే ఆగిపోతుంది.

• -ఎక్స్ఎంఎస్: మొదట్లోనే తీసుకునే హీప్.

• -ఎక్స్ఎస్ఎస్: ఒక్కో థ్రెడ్‌కు ఇచ్చే స్టాక్. రికర్షన్ మరీ లోతుకు వెళ్లి ‘స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్’ వస్తే సంబంధం దీనితోనే. ఎక్స్ఎంఎక్స్ ఎంత పెంచినా ఆ ఎర్రర్ పోదు.

• -ఎక్స్‌లాగ్:జీసీ: ఎప్పుడెప్పుడు ఊడ్చిందో, ఎంతసేపు పట్టిందో, మెమరీ ఎంత నుంచి ఎంతకు తగ్గిందో వరసగా చెబుతుంది. జావా 9 నుంచి ఇది ఉంది.

• -ఎక్స్ఎక్స్:+యూజ్‌సీరియల్‌జీసీ: ఒకే థ్రెడ్‌తో ఊడ్చే సాదా కలెక్టర్. చిన్న హీప్‌కు, పాత మెషీన్‌కు చాలాసార్లు ఇదే నయం. జావా 9 నుంచి సాధారణ మెషీన్లలో డిఫాల్ట్‌గా వచ్చేది జీ1 కలెక్టర్.

పేరులోనే గుర్తుంది. ఒక ‘ఎక్స్’ ఉంటే అన్ని జేవీఎంలలో ఉండాలన్న నియమం లేని ఆప్షన్. రెండు ‘ఎక్స్’లు ఉంటే ఇంకా లోపలి మీట, వెర్షన్ మారితే పోవచ్చు కూడా.

అసలు ర్యామ్ తినేది ఎవరు?

చాలామంది తమ ప్రోగ్రామ్ హీప్ ఒక్కటే చూసుకుంటారు. జావా ప్రాజెక్టు నడుస్తున్నప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని జేవీఎంలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఎక్లిప్స్, ఇంటెల్లిజె, ఆండ్రాయిడ్ స్టూడియో లాంటి ఐడీఈ ఒక జేవీఎం మీదే నడుస్తుంది. బిల్డ్ చేసే గ్రేడిల్ ఇంకో జేవీఎం. మీ అప్లికేషన్ మూడోది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎవరికి వాళ్లు మెషీనంతా తమదే అన్నట్టు హద్దు పెట్టుకుంటారు. ఆండ్రాయిడ్ స్టూడియో కొత్త ప్రాజెక్టులో గ్రేడిల్‌కు సాధారణంగా 2048 ఎంబీ గరిష్ఠ హీప్ రాసి ఉంటుంది. ర్యామ్‌లో సగం అక్కడే! పైన బ్రౌజర్‌లో పది ట్యాబులు. చోటు చాలక ఆపరేటింగ్ సిస్టం కొంత డేటాను డిస్క్ మీదకు నెడుతుంది. అప్పుడే మౌస్ కూడా కదలనని మొరాయిస్తుంది.

పరిష్కారం కోడ్‌లో లేదు, మూడు చోట్ల ఉంది. ఎక్లిప్స్ అయితే ‘ఎక్లిప్స్.ఐఎన్ఐ’ ఫైలు, ఇంటెల్లిజె కుటుంబమైతే ‘కస్టమ్ వీఎం ఆప్షన్స్’, గ్రేడిల్ అయితే ‘గ్రేడిల్.ప్రాపర్టీస్’ ఫైలులోని ‘ఆర్గ్.గ్రేడిల్.జేవీఎంఆర్గ్స్’ వరస. ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం తగ్గించి చూడండి. బిల్డ్ ఆగిపోతే కాస్త పెంచండి. ఐడీఈ మూసేసి టెర్మినల్ నుంచే బిల్డ్ చేస్తే ఒక జేవీఎం బరువు పూర్తిగా దిగిపోతుంది. కొత్త ర్యామ్ కొనకముందు ఇది చేసి చూడటానికి రూపాయి ఖర్చు లేదు.

అరగంట ప్రయోగం

చదివితే అర్థమైనట్టే ఉంటుంది, చేస్తేనే గుర్తుంటుంది. లక్ష బైట్ల అరేను లూప్‌లో సృష్టిస్తూ, ప్రతిదాన్నీ ఒక లిస్టులో చేర్చి, ఎన్నోదో ప్రింట్ చేసే చిన్న ప్రోగ్రామ్ రాయండి. దాన్ని 64 ఎంబీ హద్దుతో నడపండి. ఆరు వందల చుట్టుపక్కల ఎక్కడో ఔట్ ఆఫ్ మెమరీతో ఆగుతుంది. 128 ఇస్తే దాదాపు రెట్టింపు దూరం వెళ్లి అక్కడా ఆగుతుంది. ఇప్పుడు లిస్టులో చేర్చే ఒక్క వరస తీసేయండి. అదే 64 ఎంబీలో రోజంతా నడిచినా ఆగదు!

ఎందుకని? రెండో ప్రోగ్రామ్ పాత అరేలను వదిలేస్తోంది, కలెక్టర్ ఊడ్చేస్తోంది. మొదటిది దేన్నీ వదలడం లేదు. జీసీ లాగ్ పెట్టుకుని రెండింటినీ చూస్తే తేడా కళ్లముందే కనిపిస్తుంది. ఒకదానిలో ప్రతి ఊడ్పు తర్వాత మెమరీ కిందికి దిగుతుంది, రెండోదానిలో పైకే పోతుంటుంది. ఎక్స్ఎంఎక్స్ పెంచడం ఎప్పుడు మందో, ఎప్పుడు జబ్బును దాచిపెట్టడమో తెలిసేది ఇక్కడే. లీక్ అనిపిస్తే ‘హీప్‌డంప్‌ఆన్‌ఔట్‌ఆఫ్‌మెమరీఎర్రర్’ ఫ్లాగ్ పెట్టండి. పడిపోయిన క్షణాన హీప్‌లో ఏముందో ఫైలుగా రాసి ఇస్తుంది. తప్పు ఏ క్లాసుదో అందులో వెతకొచ్చు.

గుడ్డిగా కాపీ వద్దు

పాత సమాధానాల్లో కనిపించే ఫ్లాగుల్ని అలాగే అతికించొద్దు. పర్మ్‌జెన్ అనే మెమరీ భాగం 2014లో వచ్చిన జావా 8తోనే పోయింది. అయినా ‘మ్యాక్స్‌పర్మ్‌సైజ్’ ఇప్పటికీ సలహాల్లో తిరుగుతోంది. జావా 8లో హెచ్చరికతో సరిపెట్టేది, జావా 17లో అయితే జేవీఎం అసలు మొదలే కాదు. సీఎంఎస్ కలెక్టర్‌ను కూడా 2020లో జావా 14 నుంచి తీసేశారు. ఫ్లాగ్ కన్నా ముందు వెర్షన్ చూసుకోవాలి.

ఇంకో తరచూ జరిగే పొరపాటు, ఆప్షన్‌ను తప్పు చోట పెట్టడం. జేవీఎం ఆప్షన్లు క్లాస్ పేరుకు లేదా ‘-జార్’ ఫైలు పేరుకు ముందే రావాలి. తర్వాత రాస్తే అవి మీ ‘మెయిన్’ మెథడ్‌కు ఆర్గ్యుమెంట్లుగా వెళ్లిపోతాయి. ఎర్రర్ రాదు, ఫలితమూ ఉండదు.

జావా ఒక్కటే కాదు

నోడ్‌జేఎస్‌లో ‘--మ్యాక్స్-ఓల్డ్-స్పేస్-సైజ్’ ఇదే పని చేస్తుంది, అంకె ఎంబీల్లో ఇవ్వాలి. గో భాషలో ‘గోజీసీ’, 2022లో వచ్చిన 1.19 నుంచి ‘గోమెమ్‌లిమిట్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉన్నాయి. పైథాన్‌లో ‘-ఎక్స్ ఇంపోర్ట్‌టైమ్’ ఇస్తే ఏ మాడ్యూల్ లోడ్ కావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీది ఇంకా శుభ్రమైన పద్ధతి. ‘+ఆర్‌టీఎస్’, ‘-ఆర్‌టీఎస్’ అనే రెండు గుర్తుల మధ్య రాసినవన్నీ రన్‌టైమ్‌కు, మిగతావి ప్రోగ్రామ్‌కు. పేర్లు వేరైనా ప్రశ్నలు అవే. ఎంత మెమరీ, ఎప్పుడు ఊడవాలి, ఏం జరిగిందో ఎక్కడ చూడాలి?

ఇంటర్వ్యూలో ఇలా అడగొచ్చు

ఎక్స్ఎంఎస్, ఎక్స్ఎంఎక్స్ సమానంగా ఎందుకు పెడతారు?
సర్వర్ నడుస్తుండగా హీప్ పెంచుకోవడం, తగ్గించుకోవడం లేకుండా ప్రవర్తన ముందే అంచనాకు అందేలా.

ఎక్స్ఎంఎక్స్ 512 ఇచ్చినా ప్రాసెస్ అంతకన్నా ఎక్కువ ఎందుకు వాడుతోంది?
అది హీప్‌కు మాత్రమే హద్దు. మెటాస్పేస్, థ్రెడ్ల స్టాకులు, కోడ్ క్యాష్ దాని బయట ఉంటాయి.

కంటైనర్‌లో జావా ఎర్రర్ ఏదీ లేకుండా 137 కోడ్‌తో ఆగింది. ఏం జరిగింది?
బయటి నుంచి ‘కిల్’ సిగ్నల్ వచ్చింది. కంటైనర్ మెమరీ హద్దు దాటిందేమో ముందు చూడాలి. కంటైనర్ హద్దును గుర్తించే జేవీఎంలలో ‘మ్యాక్స్‌ర్యామ్‌పర్సంటేజ్’తో హీప్ వాటాను శాతంలో ఇవ్వొచ్చు. ఏమీ చెప్పకపోతే అది 25.

రెజ్యూమేలో ఏం రాయాలి?

‘జేవీఎం ట్యూనింగ్ తెలుసు’ అని రాస్తే తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు. దాని బదులు మీ ప్రాజెక్టు రీడ్‌మీ ఫైలులో ఒక చిన్న పట్టిక పెట్టండి. ఏ మెషీన్, ఏ జావా వెర్షన్, ఏ ఆప్షన్, దానికి ముందు ఎంత, తర్వాత ఎంత. ఒకసారికి ఒక్క ఆప్షనే మార్చండి. కనీసం మూడుసార్లు నడిపి కొలవండి. మార్పు పనిచేయకపోతే అదీ రాయండి.

16 జీబీ మెషీన్‌లో ఇవేవీ తెలియకపోయినా ప్రాజెక్టు నడిచిపోతుంది. 4 జీబీలో నడవాలంటే తెలుసుకుని తీరాలి. క్లౌడ్‌లో మెమరీకి అద్దె కట్టే కంపెనీకి కావాల్సిందీ ఆ తెలివే. అందుకే ‘నా అప్లికేషన్‌ను 256 ఎంబీలో నడిపాను, ఇవిగో లాగులు’ అని చెప్పగలిగితే చాలు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ ల్యాప్‌టాప్ ఏదని అడగరు, ఎలా చేశారని అడుగుతారు.