గెలిచింది ఒకరు.. కప్పు పట్టుకెళ్లింది ఇంకొకరు! ఆ కారు రేసులో అసలేం జరిగింది?

కర్నూలు, కడప వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఈ గొడవ ఇట్టే అర్థమవుతుంది. ఇచ్చిన టైమ్‌లో ఏ ఎడ్ల జత బండను ఎక్కువ దూరం లాగితే బహుమతి దానిదే. రౌండ్లు లెక్కపెడతారు, చివర్లో టేపు పెట్టి కొలుస్తారు. మరి ఆ లెక్కలో ఒక రౌండ్ ఎగిరిపోతే? గెలిచిన జత కాస్తా ఓడినట్టే! అమెరికాలో ఓ కారు రేసులో సరిగ్గా ఇదే జరిగింది. ఆ తప్పు పూర్తిగా సర్దుకోవడానికి దాదాపు 58 ఏళ్లు పట్టింది.

స్టాక్ కార్ రేసు అంటే?

ఫార్ములా వన్ కార్లు రేసు కోసమే పుడతాయి. స్టాక్ కార్ అలా కాదు. షోరూంలో అమ్మే మామూలు కారునే రేసుకు సిద్ధం చేయడంతో ఈ ఆట మొదలైంది. గుండ్రటి ట్రాక్ మీద వందల చుట్లు తిరుగుతారు. ముందున్న కారు వెనకున్న కార్లను ఒక చుట్టు, రెండు చుట్లు దాటేస్తుంటుంది. అందుకే కళ్లముందు కనిపించేది ఒకటి, అసలు లెక్క ఇంకొకటి. ఈ రేసులు నడిపే సంస్థ పేరు నాస్కార్.

ఆ రోజు ఏమైందంటే..

1963 డిసెంబర్ 1. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మట్టి ట్రాక్. మొత్తం 200 చుట్లు, అంటే 160 కిలోమీటర్లు. బరిలో వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవర్ ఉన్నాడు. ఒకప్పుడు ట్యాక్సీ నడిపినవాడు, తన కారుకు తనే మెకానిక్. ఇంకా 25 చుట్లు ఉండగా దిగ్గజం రిచర్డ్ పెట్టీని దాటేశాడు.

కానీ గెలుపు జెండా మాత్రం బక్ బేకర్‌కు ఊపారు. ట్రోఫీ కూడా ఆయనకే ఇచ్చారు. 'లెక్క మళ్లీ చూడండి' అని స్కాట్ పట్టుబట్టాడు. గంటల తర్వాత తేలిందేంటంటే, స్కాట్ ఏకంగా 202 చుట్లు తిరిగాడు. అంటే అందరికన్నా రెండు చుట్లు ముందే ఉన్నాడు! గెలుపు ఆయనదేనని ఒప్పుకున్నారు, ప్రైజ్ మనీ చేతికిచ్చారు. అప్పటికి జనం వెళ్లిపోయారు, ట్రోఫీ కూడా వెళ్లిపోయింది.

పొరపాటా? కావాలనే చేశారా?

చేత్తో రాసుకునే లెక్కలో తప్పు దొర్లిందన్నది అధికారుల మాట. స్కాట్ కుటుంబం మాట వేరు. విజేతకు ట్రోఫీ ఇచ్చే తెల్లజాతి అమ్మాయి ముద్దు పెట్టడం అక్కడి ఆనవాయితీ. నల్లజాతి డ్రైవర్‌కు అది జరగడం ఇష్టంలేకే అలా చేశారని వాళ్లంటారు. వర్ణవివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం అమెరికాలో వచ్చింది 1964లో. ఈ రేసు అంతకు కొన్ని నెలల ముందే జరిగింది.

1959లోనూ ఇలాంటి వివాదమే వచ్చింది. డేటోనా 500 రేసులో మొదట జానీ బోచాంప్ గెలిచాడన్నారు. ఫొటోలు, ఫిల్మ్ చూశాక 61 గంటలకు లీ పెట్టీయే విజేత అని తేల్చారు. అక్కడ మూడు రోజుల్లోపే తెగిపోయింది.

స్కాట్ 1990లో చనిపోయాడు. 2015లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చారు. 2021 ఆగస్టులో నాస్కార్ ఆయన కుటుంబానికి ట్రోఫీ అందించింది. ఆ తర్వాత ఐదు వారాలకు, అక్టోబర్ 4న, బబ్బా వాలెస్ టల్లాడెగాలో గెలిచాడు. నాస్కార్ టాప్ సిరీస్‌లో స్కాట్ తర్వాత గెలిచిన నల్లజాతి డ్రైవర్ ఈయనే.

మనకేంటి సంగతి?

బండలాగుడైనా, కారు రేసైనా లెక్క మైకులో అందరి ముందూ చెప్పాలి. అభ్యంతరం ఉంటే బహుమతి ఇవ్వకముందే వినాలి. లెక్క ఎప్పుడైనా సరిచేయొచ్చు. కానీ ఇంటికెళ్లిపోయిన జనాన్ని వెనక్కి పిలిచి, వాళ్ల ముందు గెలిపించడం ఎవరి తరమూ కాదు.