స్నేక్ ప్లాంట్: ఇంట్లో పెడితే బొగ్గు దుమ్ము పోతుందా? కొనేముందు, నీళ్లు పోసేముందు ఇవి తెలుసుకోండి

స్నేక్ ప్లాంట్.. రీల్స్‌లో, షార్ట్స్‌లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే మొక్క. 'బెడ్‌రూమ్‌లో ఒక్కటి పెట్టండి, గాలి మొత్తం క్లీన్' అని ముప్పై సెకన్లలో తేల్చేస్తున్నారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సంగతి ఎలా ఉన్నా, సత్తుపల్లి లాంటి ఊళ్లో ఈ మాటను అంత తేలిగ్గా తీసుకోలేం. పట్టణాన్ని ఆనుకునే సింగరేణి జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ గని ఉంది. పొద్దున తుడిచిన కిటికీ సాయంత్రానికి నల్లగా అవుతుంటే, పిల్లాడు రాత్రంతా దగ్గుతుంటే, గాలిని శుభ్రం చేసే మొక్క అనగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. మరి ఆ మొక్క నిజంగా ఆ పని చేస్తుందా?

సూటిగా చెప్పాలంటే.. చేయదు.

ఈ ప్రచారం మొత్తానికి మూలం 1989లో నాసా చేయించిన ఒక అధ్యయనం. స్నేక్ ప్లాంట్‌తో పాటు కొన్ని ఇండోర్ మొక్కలను గాలి చొరబడని చిన్న పెట్టెల్లో పెట్టి, లోపలికి బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయన వాయువులు వదిలి, అవి ఎంత తగ్గాయో చూశారు. తగ్గిన మాట నిజమే. కానీ మన ఇల్లు మూసేసిన పెట్టె కాదు కదా. తలుపులు, కిటికీలు, వెంటిలేటర్ల నుంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి పాత ప్రయోగాలన్నీ ముందేసుకుని లెక్క కట్టారు. మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసేంత పని మొక్కలు చేయాలంటే, చదరపు మీటరుకు కనీసం 10, ఒక్కోసారి 1000 దాకా మొక్కలు కావాలట! అంటే 10×12 అడుగుల గదికి తక్కువలో తక్కువ 110 కుండీలు. ఇక మంచం ఎక్కడ వేస్తాం?

ఇంకో ముఖ్యమైన పాయింట్ ఎవరూ చెప్పడం లేదు. నాసా పరీక్షించింది వాయువులను, దుమ్మును కాదు. బొగ్గు దుమ్ము అంటే కంటికి కనిపించేవి, కనిపించనివి కలిసిన రేణువులు. అవి ఆకు మీద పడితే అక్కడ ఆగుతాయి, అంతే. టేబుల్ మీద పడ్డా ఆగుతాయి. గాల్లో తేలుతున్న రేణువులను లాక్కునే శక్తి ఈ మొక్కకు లేదు. అందుకే ఇంట్లో ఆస్తమా, ఆయాసం ఉన్నవాళ్లుంటే మొక్క తెచ్చామన్న ధీమాతో ఇన్‌హేలర్ గానీ మందులు గానీ ఆపొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. లారీలు ఎక్కువగా తిరిగే టైంలో రోడ్డు వైపు కిటికీలు మూయడం, చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం.. ఈ రెండూ స్నేక్ ప్లాంట్ కంటే ఎక్కువ పని చేస్తాయి.

'రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుంది' అనేది ఇంకో పాపులర్ డైలాగ్. ఇందులో సగమే నిజం. ఎండ ప్రాంతాల మొక్క కాబట్టి, నీరు ఆవిరై పోకుండా ఇది పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. ఆక్సిజన్ తయారవ్వాలంటే మాత్రం వెలుతురు ఉండాల్సిందే. లైట్లు ఆర్పేసిన బెడ్‌రూమ్‌లో ఆక్సిజన్ ఫ్యాక్టరీ ఏమీ నడవదు.

అయితే కొనొద్దా అంటే.. కొనండి! అందంగా ఉంటుంది, మొండిగా బతుకుతుంది, రెండు వారాలు పెళ్లిళ్లకు ఊరెళ్లొచ్చినా అలాగే నిలబడి ఉంటుంది. అది చాలదా?

దీని సొంతూరు పశ్చిమ ఆఫ్రికా. దీని దగ్గరి చుట్టం మాత్రం మన దగ్గరే ఉంది. తెలుగులో 'చాగ' అంటారు. ఆ ఆకుల నారతో పాత రోజుల్లో వింటినారి పేనేవాళ్లు. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ పేరు మీదే ఆ మొక్కకు సాన్సెవేరియా రాక్స్‌బర్గియానా అని పేరొచ్చింది. నర్సరీలో స్నేక్ ప్లాంట్ మీద 'సాన్సెవేరియా' అని రాసి ఉన్నా, 'డ్రసీనా' అని రాసి ఉన్నా కంగారు పడొద్దు, మొక్క ఒకటే. శాస్త్రవేత్తలు దీన్ని ఇప్పుడు డ్రసీనా గుంపులో కలిపారు.

ఇక అసలు విషయం.. నీళ్లు. స్నేక్ ప్లాంట్ చచ్చిపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. ఎండకు కాదు, మన ప్రేమకు చస్తుంది. తులసికి పోసినట్టు రోజూ చెంబుడు పోస్తే మట్టి కింద దుంప కుళ్లిపోతుంది. పైకి మాత్రం ఆకు చాలా రోజులు పచ్చగానే కనిపిస్తుంది. ఒకరోజు పట్టుకుంటే మొదట్లో మెత్తగా ఊడొచ్చేస్తుంది. ఇన్ని రోజులకోసారి అని క్యాలెండర్ పెట్టుకోవద్దు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దింపండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటేనే పోయండి. ఖమ్మం, కొత్తగూడెం ఎండలు 45 డిగ్రీలు తాకే మే నెలలో పది పన్నెండు రోజులకోసారి సరిపోతుంది. ముసురు పట్టిన ఆషాఢ, శ్రావణాల్లో మూడు నాలుగు వారాలు పోయకపోయినా ఏం కాదు. కూలర్ ఎదురుగా కుండీ పెట్టేవాళ్లు ఇంకా తగ్గించాలి, ఆ తేమకు మట్టి త్వరగా ఆరదు.

కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. మెరిసే సెరామిక్ కుండీలు చాలావాటికి రంధ్రం ఉండదు, చూసి కొనండి. మట్టి కుండీ అయితే ఇంకా మంచిది, గోడల నుంచి కూడా తేమ ఆరుతుంది. నర్సరీ కవర్లో మొక్క బిగుసుకుపోయిన మట్టిముద్దతో వస్తే, దాన్ని అలాగే కుండీలో దించేయకుండా కొంచెం విదిల్చి మార్చండి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు కోకోపీట్ లేదా వర్మీ కంపోస్ట్ కలిపితే చాలు. రేగడి మట్టి మాత్రం వద్దు, నీళ్లు పట్టేసుకుంటుంది.

కుళ్లు మొదలైందా? మొక్కను పీకి, మెత్తబడిన భాగం మొత్తం కోసేసి, గట్టిగా ఉన్న ముక్కను రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి పొడి మట్టిలో నాటండి. వారం దాకా నీళ్లు పోయొద్దు. చాలాసార్లు బతుకుతుంది. పసుపు అంచు ఉన్న రకాన్ని ఆకు ముక్కలతో పెంచితే కొత్త మొక్కకు ఆ అంచు రాదు, పచ్చగానే వస్తుంది. అంచు కావాలంటే పక్కన వచ్చే పిలకను దుంపతో సహా విడదీయాలి.

వెలుతురు విషయంలో పేచీ పెట్టదు. కిటికీకి రెండు మూడు అడుగుల దూరం బాగుంటుంది. పడమటి కిటికీలో నేరుగా పెడితే వేసవి మధ్యాహ్నం ఆకుల మీద తెల్లటి కాలిన మచ్చలు పడతాయి. బొగ్గు దుమ్ము పేరుకున్న ఆకుకు వెలుతురు సరిగా అందదు కాబట్టి వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డ నలుపు చూస్తే మీ ఇంట్లోకి ఎంత దుమ్ము వస్తోందో అర్థమవుతుంది. తెల్లగా దూదిలా పిండినల్లి కనిపిస్తే పలచటి సబ్బు నీళ్లతో తుడిస్తే పోతుంది.

కుండీ కింద పెట్టే ప్లేటును మాత్రం మర్చిపోవద్దు. అందులో నిలిచిన నీళ్లలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో పిల్ల దోమలు రెక్కలొచ్చి ఎగురుతాయి. గాజు సీసాలో నీళ్లు పోసి మొక్క పెంచేవాళ్లకూ ఇదే ప్రమాదం. వారానికి ఒక్కరోజైనా ఆ నీళ్లు పారబోయాలి.

ఇంట్లో పాకే పిల్లలు, కుక్క, పిల్లి ఉంటే కుండీ పైన ఎక్కడైనా పెట్టండి. ఆకుల్లో సపోనిన్లు ఉంటాయి, నమిలితే వాంతులు, విరేచనాలు అవుతాయి.

చివరగా, అడవి పక్క ఊళ్లలో తరచూ వినిపించే డౌట్ ఒకటి.. స్నేక్ ప్లాంట్ గుమ్మం దగ్గర పెడితే పాములు రావా? ఆకు మీద పాము చర్మంలాంటి చారలున్నాయని ఆ పేరొచ్చింది తప్ప, పాములకూ దానికీ ఏ సంబంధమూ లేదు. పాము రాకుండా ఉండాలంటే ఇంటి చుట్టూ కట్టెల మోపులు, చెత్త లేకుండా చూసుకోవాలి, ఎలుకలను తగ్గించాలి, రాత్రి టార్చ్ లేకుండా బయటికి వెళ్లకూడదు. కరిస్తే పసరు వైద్యం అంటూ టైం వేస్ట్ చేయకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి వెళ్లాలి.