వార్తల్లో పదం: లింఫోసైట్ కౌంట్

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయంటే ఆర్మూర్‌లో పసుపు రైతు చేతిలోనూ రక్తకణాలను లెక్కించే సీబీపీ పరీక్ష రిపోర్టు కనిపిస్తుంది. అందులో ‘లింఫోసైట్స్ 50%’ అని నల్లటి అక్షరాల్లో ఉంటే ఇంటిల్లిపాదికీ కంగారు.

లింఫోసైట్లు తెల్ల రక్తకణాల్లో ఒక రకం. వీటిలో బి కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి, టి కణాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయి. పెద్దవాళ్లలో మామూలుగా మైక్రోలీటరు రక్తానికి 1,000 నుంచి 4,000 దాకా ఉంటాయి. చిన్నపిల్లల్లో సహజంగానే ఎక్కువ.

చిక్కంతా శాతంతోనే. డెంగీలో మొత్తం తెల్లకణాలు 3,000కు పడిపోయాయనుకోండి, అందులో 50 శాతమంటే 1,500. అంటే మామూలే! శాతం కాదు, అసలు సంఖ్య చూడాలి. కొవిడ్ ముదిరినవారిలో 2020లో పడిపోయింది ఈ సంఖ్యే.

టి కణాల్లో సీడీ4 అనే రకాన్ని హెచ్ఐవీ నాశనం చేస్తుంది. అవి మైక్రోలీటరుకు 200 కంటే తగ్గితే క్షయలాంటి జబ్బులు సులువుగా పట్టుకుంటాయి. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు చాలామంది ఈ అంకె పడిపోయేదాకా ఆగాల్సి వచ్చింది. 2017 నుంచి ఆ షరతు లేదు. హెచ్ఐవీ తేలితే చాలు, మందులిస్తారు. ఆలస్యంగానైనా మంచి నిర్ణయం.

పసుపు పాలతో లింఫోసైట్ల సంఖ్య పెరుగుతుందనడానికి రుజువు లేదు, పసుపు పండించే ఊరివాళ్లు నొచ్చుకున్నా సరే. ఒక్క రిపోర్టుతో జబ్బేమిటో తేలదు. తేడా కనిపిస్తే డాక్టరుకు చూపించండి, ఆయన చెబితే కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయించండి.